భూసాంకేతిక ఇంజనీరింగు

భూసాంకేతిక ఇంజనీరింగు అనునది సివిల్ ఇంజనీరింగులో ఒక శాఖ. మట్టి, రాయి, వాటి సందులలో ఉండే నీరు బరువు మోపినప్పుడు, తవ్వినప్పుడు, తడిసినప్పుడు, కంపించినప్పుడు ఏ విధముగా ప్రవర్తిస్తాయో తెలుసుకొని, దానికి తగినట్లు పునాదులను, మట్టికట్టలను, సొరంగములను, నిలుపుడు గోడలను రూపొందించుట ఈ శాఖ చేసే పని. ఆంగ్లములో దీనిని జియోటెక్నికల్ ఇంజనీరింగ్ అంటారు. ఇంజనీరింగు కళాశాలలలో సాయిల్ మెకానిక్స్, ఫౌండేషన్ ఇంజనీరింగ్ అనే పేర్లతో బోధించే పాఠ్యాంశములు దీనిలోని భాగములే.

ఉక్కును, కాంక్రీటును ఇంజనీరు తనకు కావలసిన బలముతో తయారు చేయించుకోగలడు. నేల విషయములో ఆ వీలు లేదు. కట్టడము ఎక్కడ రావలెనో అక్కడి నేలను ఉన్నది ఉన్నట్లుగా స్వీకరించవలసినదే. పైగా అది కంటికి కనబడదు. కొద్దిపాటి రంధ్రములు తవ్వి, పైకి వచ్చిన గుప్పెడు నమూనాలను చూసి ఎకరముల కొద్దీ నేలను అంచనా వేయాలి. ఈ అంచనా తప్పినప్పుడు జరిగిన ప్రమాదములే ఈ శాస్త్రమునకు చాలా పాఠములు నేర్పినవి.

మట్టి, నీరు

రైతు దృష్టిలో మట్టి అంటే పంట పండే పైపొర. ఇంజనీరు మొదట తీసి పారవేసేది ఆ పొరనే. వేళ్ళు, ఆకులు కుళ్ళి ఏర్పడిన ఆ మట్టి బరువుకు అణగిపోతుంది. దాని కింద ఉన్నదే ఇంజనీరింగు మట్టి. భారతీయ ప్రమాణముల ప్రకారము 4.75 మిల్లీమీటర్ల కంటే పెద్ద రేణువులను గులకగాను, 4.75 నుండి 0.075 మి.మీ. వరకు ఉన్నవాటిని ఇసుకగాను, 0.075 నుండి 0.002 మి.మీ. వరకు ఉన్నవాటిని ఒండ్రుగాను, అంతకంటే సన్ననివాటిని బంకమట్టిగాను వర్గీకరిస్తారు. ఇసుక రేణువులు దాదాపు గుండ్రముగా ఉంటే, బంకమట్టి రేణువులు పలుచని రేకుల వలె ఉండి వాటి ఉపరితలమున నీటిని పట్టి ఉంచుతాయి. అందుచేత ఒకే బంకమట్టి నీటి శాతమును బట్టి రాయిలా గట్టిగాను, ముద్దగాను, జావగాను ఉండగలదు. ఈ స్థితుల మధ్య హద్దులను 1911లో స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ నిర్వచించాడు. కుమ్మరి సారె మీద నిలిచే మట్టి ఆయన చెప్పిన ప్లాస్టిక్ హద్దుకు, ద్రవ హద్దుకు మధ్య ఉన్న మట్టి.

ఈ శాస్త్రములో అన్నిటికంటే ముఖ్యమైన భావన ప్రభావక ప్రతిబలము. భూమిలో ఒక లోతున పైనున్న మట్టి, నీరు, కట్టడము అన్నీ కలిసి కొంత పీడనము కలిగిస్తాయి. ఆ పీడనములో కొంత భాగమును రేణువుల సందులలోని నీరు మోస్తుంది. మిగిలినది మాత్రమే రేణువు నుండి రేణువుకు చేరుతుంది. మొత్తము పీడనము నుండి నీటి పీడనమును తీసివేయగా మిగిలిన ఈ భాగమే ప్రభావక ప్రతిబలము. మట్టికి బలమునిచ్చేది రేణువుల మధ్య ఒత్తిడి, ఘర్షణ కనుక, నీటి పీడనము పెరిగితే మట్టి బలము తగ్గుతుంది.

వానలకు మట్టి జారుడుగా మారి కొండచరియలు విరిగి పడతాయని సాధారణముగా అనుకుంటారు. అది సరియైన వివరణ కాదు. నీరు రేణువులకు నూనె రాసినట్లు పని చేయదు. సందులలో దాని పీడనము పెరిగి రేణువులు ఒకదానినొకటి నొక్కుకునే ఒత్తిడిని తగ్గిస్తుంది. సముద్రపు ఒడ్డున ఇంకా నీటిలో మునగని తడి ఇసుక మీద అడుగులు దిగబడకపోవుట ఇదే సూత్రమునకు రెండవ వైపు. అక్కడ రేణువుల మధ్య నీరు తలతన్యత వలన వాటిని దగ్గరకు లాగుతుంది. అదే ఇసుక పూర్తిగా ఎండినా, పూర్తిగా మునిగినా పాదము దిగబడుతుంది.

చరిత్ర

శాస్త్రముగా రూపొందక ముందే నేలను ఎరిగి కట్టినవారు అన్ని దేశములలోను ఉన్నారు. 1213 నాటి శాసనము గల పాలంపేట రామప్ప దేవాలయము పునాదిలో ఇసుక నింపిన పద్ధతి కనబడుతుంది. 2021లో ఈ ఆలయము యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుండి ఈ పద్ధతి గురించి ఎక్కువగా రాస్తున్నారు. ఇసుక అనగానే కదిలిపోయేదని భావించరాదు. పక్కలకు పోవుటకు దారి లేకుండా బంధించిన ఇసుక మంచి బరువునే మోస్తుంది.

గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను 1847 - 1852 మధ్య ఆర్థర్ కాటన్ నిర్మించాడు. అక్కడ రాతి పునాదికి అవకాశము లేదు. నది గర్భమంతా ఇసుకే. అంతకు ముందు కావేరిపై ప్రాచీనమైన కల్లణైని పరిశీలించిన కాటన్, వదులుగా ఉన్న ఇసుక మీద కూడ రాళ్ళ రాశి నిలబడగలదని గ్రహించి, ఆ అనుభవమును ఇక్కడ ఉపయోగించాడు. ఆనకట్ట కింది ఇసుకలో నీరు ఎంత ఒత్తిడితో పారుతుందో లెక్క కట్టే నమ్మదగిన పద్ధతి ఆనాటికి లేదు. అటువంటి పద్ధతిని 1936లో ఎ.ఎన్.ఖోస్లా తదితరులు పంజాబు అనుభవముల ఆధారముగా ప్రచురించారు.

సిద్ధాంతమునకు ఆరంభము ఫ్రాన్సులో జరిగినది. చార్లెస్ కూలుంబ్ మార్టినిక్ దీవిలో సైనిక ఇంజనీరుగా కోట నిర్మాణము చేసి వచ్చిన తరువాత, గోడలపై మట్టి తోపుడును గురించి 1773లో పత్రము సమర్పించాడు. విద్యుత్ ఆవేశముల సూత్రము వలన ప్రసిద్ధుడైన కూలుంబ్ ఇతడే. 1856లో హెన్రీ డార్సీ దిజోన్ నగర నీటి సరఫరా పనిలో భాగముగా ఇసుక గుండా నీరు పారే సూత్రమును కనుగొన్నాడు. మరుసటి ఏడు రాంకిన్ మట్టి పీడన సిద్ధాంతమును ప్రకటించాడు.

అయినప్పటికీ మెత్తని బంకమట్టి ఎవరికీ అర్థము కాలేదు. స్వీడన్ రైలుమార్గములలో కట్టలు వరుసగా జారిపోవుచుండగా ఆ దేశము 1913లో ఒక సంఘమును నియమించినది. వాలు జారినప్పుడు తెగే తలము ఇంచుమించు వృత్తఖండముగా ఉంటుందని 1916 గోథెన్‌బర్గ్ రేవు గోడ కూలిన తరువాత అక్కడి ఇంజనీర్లు గుర్తించారు. నేటికీ విద్యార్థులు వాలు స్థిరత్వము లెక్కించునది ఈ వృత్తముతోనే.

1883లో ప్రేగ్‌లో జన్మించిన కార్ల్ టెర్జాగీని ఆధునిక మృత్తికా యాంత్రిక శాస్త్రమునకు పితామహునిగా భావిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలము నుండి ఇస్తాంబుల్‌లో బోధిస్తూ, చేతికి దొరికిన సామగ్రితోనే పరికరములు చేసుకొని ప్రయోగములు జరిపి, 1925లో తన గ్రంథమును జర్మను భాషలో వెలువరించాడు. ప్రభావక ప్రతిబలము, బంకమట్టి అణగుదల సిద్ధాంతము ఆయనవే. 1936లో హార్వర్డులో జరిగిన మొదటి అంతర్జాతీయ సదస్సుకు ఆయన అధ్యక్షుడు. భారతదేశములో ఈ రంగపు వృత్తి సంఘము 1948లో ఏర్పడినది. నేడు అది ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీగా ప్రసిద్ధము.

పునాదులు

పునాదికి రెండు షరతులు ఉన్నాయి. నేల తెగిపోరాదు, అనగా పునాది కింది మట్టి పక్కలకు జారి కట్టడము ఒరగరాదు. రెండవది, నేల మితిమీరి కుంగరాదు. కట్టడమంతా సమానముగా కుంగితే నష్టము తక్కువ. ఒక మూల ఎక్కువగా, మరియొక మూల తక్కువగా కుంగితే గోడలు పగులుతాయి.

మొదటి షరతుకు పాఠ్యపుస్తకములలో తరచు చెప్పే ఉదాహరణ కెనడాలో విన్నిపెగ్ సమీపములోని ట్రాన్స్‌కోనా ధాన్యపు గిడ్డంగి. 1913 అక్టోబరులో దానిని మొదటిసారి నింపుచుండగా నేల కుంగుట ప్రారంభమై, ఒక్క రోజులో గిడ్డంగి మొత్తము సుమారు 27 డిగ్రీలు ఒరిగిపోయినది. విచిత్రమేమనగా కాంక్రీటు కట్టడము చెక్కు చెదరలేదు. ధాన్యమును ఖాళీ చేసి, కింద తవ్వి, దానిని మరల నిలబెట్టారు. నిర్మాణమునకు ముందు అక్కడ నేలను పరీక్షించకపోలేదు. చిన్న పలక మీద బరువు పెట్టి చూశారు. నేల బాగానే మోసినది. కాని చిన్న పలక బరువు కొద్ది లోతు వరకే చేరుతుంది. 20 మీటర్లకు పైగా వెడల్పు గల గిడ్డంగి బరువు చాలా లోతుకు దిగి, పై గట్టి బంకమట్టి కింద ఉన్న మెత్తని పొరను తాకినది. ఈ సంగతి తరువాత వేసిన బోరుల ద్వారా తేలి 1953లో ప్రచురితమైనది. పునాది ఎంత వెడల్పో దానికి ఒకటిన్నర నుండి రెండు రెట్ల లోతు వరకు నేలను తెలుసుకోవలెనని నేడు చెప్పే నియమము వెనుక ఇటువంటి అనుభవములే ఉన్నాయి.

రెండవ షరతుకు కాలముతో సంబంధము ఉన్నది. తడిసిన బంకమట్టి మీద బరువు పడితే ముందుగా ఆ బరువును మోసేది నీరు. ఆ నీరు సన్నని సందుల గుండా మెల్లగా బయటకు పోయే కొద్దీ బరువు రేణువులకు చేరి, నేల అణగుతుంది. దీనిని ఘనీభవనముగా పొరబడకూడదు. ఇంజనీర్లు కన్సాలిడేషన్ అనే మాటనే వాడతారు. నీరు బయటకు పోవుటకు ప్రయాణించవలసిన దూరము రెండింతలైతే పట్టే కాలము నాలుగింతలు. మందపాటి పొరలో ఇది దశాబ్దముల పాటు సాగవచ్చును. విశాఖపట్నము, కాకినాడ తీరములలోని మెత్తని సముద్రపు బంకమట్టి ఈ కోవలోనిదే. అటువంటి చోట నేలలో దగ్గర దగ్గరగా నిలువు ఊటదారులు దింపి, పైన మట్టి గుట్టలు పోసి ముందుగానే అణగదొక్కుతారు, లేదా కంకర స్తంభములు దింపుతారు. జపానులో సముద్రము పూడ్చి 1994లో ప్రారంభించిన కన్సాయ్ విమానాశ్రయపు మొదటి దీవి 12 మీటర్లకు పైగా కుంగినది. ఇది కొంతవరకు ఊహించినదే కనుక భవనపు స్తంభములను జాకీలతో సరిచేసే ఏర్పాటు ముందే చేశారు.

పీసా గోపురము ఈ విషయములో ఒక వింత. 1173లో మొదలైన పని మూడవ అంతస్తు వద్ద, 1178 ప్రాంతములో ఆగి 1272లో మరల ప్రారంభమైనది. ఆ విరామములో కింది బంకమట్టి నీరు వదలి గట్టిపడినది. ఏకబిగిన కట్టి ఉంటే గోపురము అప్పుడే కూలి ఉండేదని లెక్కలు చెప్పుచున్నవి. 1990 నాటికి వాలు సుమారు 5.5 డిగ్రీలకు చేరగా సందర్శకులను ఆపివేశారు. ఒరిగిన వైపు నేలను బలపరచుటకు బదులు, ఎత్తుగా ఉన్న ఉత్తరపు వైపు నుండి కొద్దికొద్దిగా మట్టిని తోడి గోపురమును అర డిగ్రీ వెనుకకు తెచ్చారు. 2001 డిసెంబరులో దానిని మరల తెరిచారు.

పై పొర బలముగా లేనప్పుడు బరువును లోతుకు చేరవేయుటకు పైల్ పునాదులు, నదీ గర్భములలో వంతెనలకు బావి పునాదులు వాడతారు. వరదకు ఇసుక కోసుకుపోయే లోతు కంటే ఇంకా కిందికి బావిని దించవలెను.

నల్లరేగడి నేలలు

భారతదేశ భూభాగములో సుమారు ఐదవ వంతు నల్లరేగడి. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతములలో ఇది విస్తారముగా ఉన్నది. పత్తికి ప్రసిద్ధమైన ఈ నేల కట్టడములకు మాత్రము బాధాకరము. దీనిలోని మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజము రేకుల మధ్యకు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొనిపోతుంది. వేసవిలో నెర్రెలు విచ్చిన చేనే వానలకు పొంగుతుంది. మరియొక విశేషము: తక్కిన నేలలలో బరువైన కట్టడములకు భయము, ఇక్కడ తేలికైనవాటికి. బహుళ అంతస్తుల భవనము బరువు ఉబ్బుదలను అణచగలదు. ప్రహరీ గోడ, ఒంటి అంతస్తు ఇల్లు, బడి గది, కాలువ లైనింగు పైకి లేచి పగులుతాయి. అనగా నష్టపోయేవారిలో నేల పరీక్షకు డబ్బు వెచ్చించలేని సామాన్యులే ఎక్కువ.

తేమ ఋతువులను బట్టి మారే లోతు మన దేశములో సాధారణముగా 3.5 మీటర్ల వరకు ఉంటుంది. పునాదిని ఆ లోతుకు దించి నిలకడగా ఉన్న మట్టిలో పట్టు కల్పించుట ఒక మార్గము. రూర్కీలోని కేంద్రీయ భవన నిర్మాణ పరిశోధనా సంస్థ ఇందుకై అండర్ రీమ్డ్ పైల్ అనే పునాదిని అభివృద్ధి చేసి వ్యాప్తిలోకి తెచ్చినది. దీని అడుగున కాడ వ్యాసమునకు సుమారు రెండున్నర రెట్లు వెడల్పుగా ఒక ఉబ్బెత్తు ఉండి, నేల పైకి తోసినప్పుడు లంగరు వలె పట్టుకుంటుంది. పైల్స్ మీద వేసే దూలమునకు, నేలకు మధ్య ఖాళీ విడువవలెను. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆర్.కె.కట్టి చేసిన పరిశోధనల వలన, రేగడిపై ఉబ్బని బంక గల మట్టిని సుమారు ఒక మీటరు మందమున పరచి దిమ్మిస చేయు పద్ధతి కాలువ పనులలో వాడుకలోకి వచ్చినది. రహదారులకు సున్నము కలుపుట మరియొక పద్ధతి. కొందరు పునాది గుంటను ఇసుకతో నింపి నిశ్చింతగా ఉంటారు. ఇసుక గుండా వాననీరు సులభముగా దిగి రేగడికే చేరుతుంది కనుక దీనివలన ఒక్కొక్కసారి మేలు కంటే కీడే ఎక్కువ. ఇంటి చుట్టూ నీరు నిలువకుండా వాలు కట్టుట, స్నానాల గది నీటిని పునాది పక్కన వదలకుండుట ఖర్చు లేని జాగ్రత్తలు.

మట్టికట్టలు, ఊట

చెరువు కట్టకు రెండు విధముల చావు ఉన్నదని చెప్పవచ్చును. అలుగు చాలక నీరు పైనుండి పొర్లి గండి పడుట ఒకటి, కట్ట లోపల బుంగ పడుట మరొకటి. ఊట నీరు బయటపడే చోట సన్న మట్టిని తనతో తీసుకొనిపోతే అక్కడ చిన్న గొట్టము ఏర్పడి వెనుకకు పెరుగుతూ పోతుంది. కట్ట దిగువన ఊట తేటగా ఉన్నంత వరకు పెద్ద భయము లేదు. బురదగా మారితే ప్రమాదము. 1976 జూన్ 5న అమెరికాలోని ఐడహో రాష్ట్రములో టీటన్ ఆనకట్ట మొదటిసారి నిండుచుండగా ఈ విధముగానే కొద్ది గంటలలో తెగి 11 మంది మరణించారు. గాలికి కొట్టుకొచ్చిన సన్నని ఒండ్రును పగుళ్ళు గల రాతికి ఆనించి నింపుట, మధ్యలో వడపోత పొర లేకపోవుట ముఖ్య కారణములు. ముతక, సన్న ఇసుకలను వరుసగా అమర్చిన వడపోత పొర నీటిని పోనిచ్చి మట్టిని ఆపుతుంది.

గోదావరిపై పోలవరము ప్రాజెక్టులో ప్రధాన మట్టి, రాతి ఆనకట్ట కింద నది ఇసుక చాలా లోతు వరకు ఉన్నది. ఆ ఇసుక గుండా నీరు పారకుండా 2018 నాటికి కట్టిన డయాఫ్రం గోడ, పూర్తి కాని మట్టి అడ్డుకట్టల సందుల గుండా 2019, 2020 సంవత్సరములలో వచ్చిన వరదల ఉరవడికి కొన్ని చోట్ల దెబ్బతిన్నది. ఇసుక కోసుకుపోయి పెద్ద గుంటలు ఏర్పడినవి. కొత్త గోడ పనులు 2025 జనవరిలో మొదలైనవి. కనబడే ఆనకట్ట కంటే కనబడని గోడకే ఎక్కువ కాలము, ఎక్కువ చర్చ అవసరమగుట ఈ రంగములో వింత కాదు.

మట్టిని పొరలుగా పోసి రోలరుతో అణచునప్పుడు ఒక నిర్ణీతమైన తేమ వద్ద అత్యధిక సాంద్రత వస్తుంది. దీనిని 1933లో లాస్ ఏంజెల్స్ ఇంజనీరు ఆర్.ఆర్.ప్రాక్టర్ ప్రకటించాడు. పొడి మట్టిని ఎంత తొక్కినా, మరీ తడి మట్టిని ఎంత తొక్కినా ఫలితము తక్కువే.

సొరంగములు, కొండవాలులు

నేల గురించి అతి తక్కువ ముందస్తు సమాచారముతో పని చేయవలసినది సొరంగములలో. శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము సుమారు 44 కిలోమీటర్ల పొడవైనది. అమ్రాబాదు పులుల అభయారణ్యము కింద సాగుటచే మధ్యలో ప్రవేశ మార్గములు లేకుండా రెండు చివరల నుండి మాత్రమే తవ్వకము చేపట్టారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో, ప్రవేశద్వారము నుండి సుమారు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలి నీరు, బురద ముంచెత్తగా ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నెలల తరబడి గాలించినా రెండు మృతదేహములను మాత్రమే వెలికి తీయగలిగారు. నలిగిన రాతి మండలము, దానిలో పీడనముతో నిలిచి ఉన్న నీరు సొరంగపు పనివారికి అన్నిటికంటే భయంకరమైన కలయిక. తవ్వే ముఖమునకు ముందు సన్నని రంధ్రములు వేసి పరీక్షించుట, భూభౌతిక పద్ధతులతో వెదకుట ఇందుకే అవసరము. ఆ ప్రమాదము తరువాత 2025 నవంబరులో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఆధ్వర్యమున హెలికాప్టరు ద్వారా విద్యుదయస్కాంత సర్వే చేపట్టారు.

కాశ్మీరులో చీనాబ్ నదిపై 359 మీటర్ల ఎత్తున నిర్మించి 2025 జూన్ 6న ప్రారంభించిన రైలు వంతెన మరొక విధమైన ఉదాహరణ. 467 మీటర్ల వంపును మోసే కొండవాలులు పగుళ్ళు గల రాతివి. ప్రకాశము జిల్లాకు చెందిన, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు జి.మాధవీలత 17 సంవత్సరముల పాటు ఈ వంతెనకు భూసాంకేతిక సలహాదారుగా పని చేశారు. తవ్వే కొద్దీ బయటపడిన పగుళ్ళను, రాతి స్వభావమును బట్టి వాలుల రూపకల్పనను, రాతిలో దింపే ఉక్కు కడ్డీల అమరికను మార్చుకుంటూ పోవలసి వచ్చినది. ముందే గీసిన పటమునకు కట్టుబడి ఉండక నేలను గమనిస్తూ మార్చుకొను ఈ పరిశీలనా పద్ధతి టెర్జాగీ, ఆయన సహచరుడు రాల్ఫ్ పెక్ కాలము నుండి ఉన్నదే.

భూకంపములు, నేల ద్రవీకరణ

వదులుగా, నీటితో నిండి ఉన్న సన్న ఇసుకను కంపింపజేస్తే రేణువులు సర్దుకొనుటకు ప్రయత్నిస్తాయి. నీరు వెంటనే బయటకు పోలేక పీడనము పెరిగి, ప్రభావక ప్రతిబలము సున్నకు చేరుతుంది. అప్పుడు నేల కొన్ని క్షణముల పాటు ద్రవమే. 1964లో జపానులోని నీగాతాలో అపార్ట్‌మెంట్ భవనములు గోడలు చెదరకుండానే పక్కకు ఒరిగిపోయినవి. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపములో చాంగ్, శివ్‌లఖా, తాపర్ వంటి మట్టి ఆనకట్టలు పునాది ఇసుక ద్రవీకరణము వలన దెబ్బతిన్నవి. జలాశయములలో నీరు చాలా తక్కువగా ఉండుట వలన వరద ముప్పు తప్పినది.

నేల పరీక్ష

భారతదేశములో అత్యధికముగా చేసే క్షేత్ర పరీక్ష ప్రామాణిక చొరబాటు పరీక్ష. పని చేసేవారు దీనిని ఎస్.పి.టి. అంటారు. బోరు అడుగున ఒక గొట్టమును ఉంచి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుండి వదులుతారు. మొదటి 15 సెం.మీ. దిగుటకు పట్టిన దెబ్బలను వదలివేసి, తరువాతి 30 సెం.మీ.కు పట్టిన దెబ్బలను లెక్కిస్తారు. పది లోపు వస్తే ఇసుక వదులుగా ఉన్నదని అర్థము. పరీక్ష మోటైనదే. తాడు లాగే కూలీ అలసటను బట్టి కూడ సంఖ్య మారవచ్చును. మెత్తని బంకమట్టికి ఇది తగదు. అక్కడ పలుచని గొట్టములతో చెదరని నమూనాలు తీసి ప్రయోగశాలలో ట్రైయాక్సియల్, కన్సాలిడేషన్ పరీక్షలు చేయవలెను. బోరులో నీటి మట్టమును తవ్విన వెంటనే కాక ఒక రోజు ఆగి కొలవవలెను. ఈ ఒక్క సంఖ్య తప్పితే పైన చెప్పిన లెక్కలన్నీ తప్పుతాయి.

నిర్మాణ వ్యయములో నేల పరీక్షకు అయ్యేది చాలా స్వల్పము, అయినను పొదుపు చేయదలచినప్పుడు ముందుగా కోత పడేది దానికే. పొరుగు స్థలపు నివేదికతో సరిపెట్టుకొనుట మరీ ప్రమాదకరము. పాత చెరువును, వాగును పూడ్చిన స్థలములు నగరములలో అనేకము ఉన్నాయి. వీధికి ఇటు గట్టి మొరము, అటు పూడిక మట్టి ఉండవచ్చును.

విద్య

సివిల్ ఇంజనీరింగు పట్టము పొందినవారు ఈ శాఖలో ఎం.టెక్., పిహెచ్.డి. చేయవచ్చును. వరంగల్లు ఎన్.ఐ.టి., హైదరాబాదు ఐ.ఐ.టి. వంటి సంస్థలలో ఇందుకు అవకాశము ఉన్నది. భూగర్భ శాస్త్రములో ప్రవేశము గలవారికి సొరంగములు, ఆనకట్టల పనులలో ఇంజనీరింగు జియాలజిస్టులుగా స్థానము ఉంటుంది. చెత్త దిబ్బల అడుగు నుండి మురుగు భూగర్భ జలములకు చేరకుండా పొరలు వేయుట, గనుల వ్యర్థపు కట్టల భద్రత, సముద్రములో గాలిమరల పునాదులు ఈ రంగములో ఇటీవల పెరిగిన పనులు.